కొలకర్ర మీద రెండో గాటు

ఏబేలు పేరులో బేలతనం వినపడుతుంది గాని మనిషిలో ఏ బేలతనమూ లేదు. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలు కళకళలాడిన రోజుల్లో పలక చుట్టూ చెక్క చట్రం బిగించడం అతని పని. పలక పలకదు, చట్రం చప్పుడు చెయ్యదు, బిగించేవాడు మాత్రం రోజంతా టకటకమంటూనే ఉండాలి. పిల్లలు ప్లాస్టిక్ పలకలకూ, ఆ తర్వాత వేలితో తోసే పలకలకూ మారిపోయాక అతని బతుకుతెరువు చట్రం తప్పింది. అప్పటినుంచి తలుపులు చేశాడు, కిటికీలు చేశాడు, పేటలో ఎవరైనా ప్రభువు దగ్గరికి ప్రయాణం కడితే వాళ్లకు పెట్టె కూడా చేశాడు. తలుపులకు బేరమాడేవాళ్లు. పెట్టెకు ఎవరూ ఆడేవాళ్లు కాదు. అందులో పడుకునే మనిషి అసలే ఆడేవాడు కాదు.

అలాంటి ఏబేలు ఇంటి ముందు ఒకరోజు పొద్దున్నే ఇంకో రకం పెట్టె దిగింది. దించినవాడు పాత ఇనప దుకాణం వీరభద్రయ్య శెట్టి.

"చూడు ఏబేలూ, ఇది ఇనుమా అంటే ఇనుము గాదు, చెక్కా అంటే చెక్క గాదు. తూకానికి లొంగదు, అమ్మకానికి నోచదు. నా దుకాణానికి మంచి అల్మారా ఒకటి చేసిపెట్టు, దీన్ని నువ్వే ఉంచుకో."

"ఉంచుకుంటా శెట్టిగారూ. ఏమనుకున్నారు, ఇది ఇల్లు."

"ఇల్లా? దీన్ని ఇల్లంటే చెదపురుగులు గూడా ఒప్పుకోవు. సగం తిని వదిలేసినాయి."

ఎప్పుడో ఊరూరా కంటి శిబిరాలు పెట్టిన మిషన్ వాళ్లు చేయించుకున్న గది అది. నాలుగు ఇనప కాళ్ల మీద నిలబడి ఉంటుంది. పికప్ బండిని వెనక్కి తోలి దాని కిందికి దూరిస్తే, కాళ్లు పైకి లాగి, గదిని బండి తొట్టిలో కూర్చోబెట్టవచ్చు. దారిలో ఉన్నంతసేపూ కప్పు దిగి ఉంటుంది. ఆగిన చోట నాలుగు మూలల్లోని మడత కడ్డీలు పైకి తోస్తే కప్పు లేస్తుంది, దాంతోపాటు చుట్టూ గుడారపు గుడ్డ లేచి గోడలవుతుంది. దించితే పెట్టె, లేపితే ఇల్లు. ప్రస్తుతానికి దించినా లేపినా కిర్రుమనే కప్పూ, చిరుగుల గుడ్డా, కాలు పెడితే దిగబడే నేలా.

పక్కింటి కరుణాకరం ఆర్టీసీలో కండక్టరుగా రిటైరై, టికెట్లు కొట్టడం మానేసి మాటలు కొట్టడం మొదలుపెట్టినవాడు. గోడమీదినుంచి తొంగిచూశాడు.

"ఏంది ఏబేలన్నా, ఈసారి పెట్టె ఇంత పెద్దగా ఉంది! ఎవురికి, ఇంటిల్లిపాదీ ఒకే ట్రిప్పులో పోతున్నారా?"

"ఎవురికీ గాదు. మీ వదినకే," అన్నాడు ఏబేలు.

అన్నాక నాలుక కరుచుకున్నాడు. కరుణాకరం నవ్వు సగంలో స్టాపు లేనిచోట ఆగిన బస్సయింది. పెట్టెలు చేసేవాడు భార్యకోసం పెట్టె అంటే వినేవాడికి ఎలా ఉంటుంది! ఏబేలు గబగబా తువ్వాలు దులిపి, "ప్రయాణానికి... అంటే కొమరోలు ప్రయాణానికి, ప్రార్థన కూటాలకు," అని మాటకు అతుకు వేశాడు.

ఇప్పుడు ఆ వదిన గురించి. కేథరినమ్మ ఒకప్పుడు గుమ్మం పైచెక్కను పలకరించేంత పొడగరి. కూటాల్లో ఆడవాళ్ల పాటల వరసలో ఎప్పుడూ వెనకే నిలబెట్టేవాళ్లు, ముందు నిలబెడితే వెనకవాళ్లకు ప్రసంగీకుడు కనపడడని. పుట్టింటి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని తెలిసేసరికే అది ఆమె ఎముకల్లో కాపురం పెట్టేసింది. అవే నీళ్లు తాగిన తమ్ముడు యోసేపుకు పళ్లు గారపట్టడంతో సరిపోయింది. అక్కకు మాత్రం నడుము వంగింది, మెడ బిగిసింది, మోకాళ్లు చాపుకోవడం మరిచిపోయాయి. నిలబడినా నేలనే చూస్తుంది. ఎదుటివాళ్ల ముఖం చూడాలంటే ఒళ్లంతా ఒక పక్కకు తిప్పి, కంటి కొసలోంచి చూడాలి. నడుము వంగింది గాని మాట వంగలేదు. నడుములో తగ్గిన నిటారుతనమంతా నాలుకలోకి వచ్చి చేరింది.

కొమరోలులో ఎండలు ముదరకముందే ఏటా కూటాలు జరుగుతాయి. ఆమె తోబుట్టువులందరూ అక్కడే కలుస్తారు. కిందటిసారి వెళ్లినప్పుడు చుట్టాలింట్లో పొద్దున్నే నలుగురు ఆడవాళ్లు ఆమెను చాపమీదినుంచి ఎత్తి, ఇంటినిండా ఉన్న జనం మధ్యలోంచి పెరట్లోకి మోసుకెళ్లారు. అందరూ ప్రేమగానే మోశారు. ఆ ప్రేమనే ఆమె మోయలేకపోయింది. ఇంటికొచ్చాక ఒకటే మాట అంది: "నన్ను ఎత్తే పని లేని చోటికే వస్తా. ఇంకెక్కడికీ రాను." ఆ తర్వాత కూటాలు వచ్చాయి, పోయాయి. ఆమె గుమ్మం దాటలేదు. పాటల పుస్తకం అలమరలో దుమ్ముతో రాగం తీస్తోంది.

అందుకే ఏబేలు ఈ ఎత్తు వేశాడు. ఎవరూ ఎత్తనక్కర్లేకుండా, ఎత్తే కప్పున్న ఇల్లు వెంట తీసుకుపోవడం. మంచం మనదే, మరుగు మనదే, ఎక్కడానికి దిగడానికి వాలు పలకా మనదే.

కేథరినమ్మ అంతా విని ఒక షరతు పెట్టింది.

"దాంట్లో నా చేత్తో నేను టీ కాయాల. వచ్చినోళ్లకు నేనే ఇయ్యాల. అట్లయితే వస్తా. మూటలాగా ఏసకపోయి మూటలాగా దించేటట్టయితే, ఆ పెట్టెలో నువ్వొక్కడివే పో."

"చేస్తా గదా."

"చేసినాక చెప్పు. చూసినాక చెప్తా."

పని మొదలైంది. చెదలు తిన్న నేల పీకేసి పాత టేకు తలుపుల చెక్క పరిచాడు. పలకల చట్రాలకు మూలలు కలిపినట్టే మేకు కనపడకుండా మూలలు కలిపాడు. మడత కడ్డీలకు నూనె పట్టించాడు, కొత్త టార్పాలిన్ కుట్టించాడు. ఎడమవైపు పొయ్యి గట్టు, దానిమీద గనినుంచి తెచ్చిన ఒకే నల్ల పలక రాయి. పైన కప్పులకూ డబ్బాలకూ అర. కుడివైపు సన్నగా, పొడుగ్గా మంచం. వెనక మూల తెర చాటున కమోడు కుర్చీ. ఆమెను మాత్రం దగ్గరికి రానివ్వలేదు. పైన పాత దుప్పట్లు కప్పి, "అయినాకే చూడు," అన్నాడు.

"పెళ్లిచూపులప్పుడు గూడా నీకింత దాపరికం లేదు గదయ్యా," అందామె కిటికీలోంచి.

కొలతలన్నీ కొలకర్రతోనే తీశాడు. అదొక పాత వెదురు బద్ద. కొత్త కాపురంలో ఇల్లు కట్టుకున్నప్పుడు కేథరినమ్మను గోడకు ఆనించి నిలబెట్టి, మోచెయ్యి ఎక్కడికి వస్తే అక్కడ ఒక గాటు, చెయ్యి పైకెత్తితే వేళ్లు అందినచోట ఒక గాటు పెట్టాడు. ఆ గాట్లతోనే వంటగట్టు కట్టాడు, అర బిగించాడు. టేపు కూడా ఉంది అతని దగ్గర, ఒకే ఒక్కటి. అది పెట్టెలకు. పడుకున్నవాళ్ల పక్కన, ఇంటివాళ్ల ఏడుపుల మధ్య, తలనుంచి కాలిదాకా సాగదీసే టేపు. టేపు పోయినవాళ్లకు, కర్ర ఉన్నవాళ్లకు. ఇది ఏ మేస్త్రీ పెట్టిన చట్టమూ కాదు. చట్రాల మనిషి తనకు తానే బిగించుకున్న చట్రం.

కూటాలు వచ్చేవారమనగా దుప్పట్లు తీశాడు. కప్పు పైకి తోసి, కడ్డీలు బిగించి, గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కేథరినమ్మ వాలు పలకమీద చెయ్యి పట్టుకోకుండా తనంతట తాను ఎక్కింది. ఏబేలు గుండె ఆ పలకకంటే ఎక్కువ ఊగింది.

"కప్పు లేపినా చూడు," అన్నాడు.

"కప్పు లేపినావు సరే. టీ కప్పు యాడుంది?"

"అదో, పైన."

ఆమె ఒళ్లు పక్కకు తిప్పి పైకి చూసింది. అర ఆమెకు ఆకాశంలో ఉంది. పొయ్యి దగ్గరికి వెళ్లి నిలబడింది. గట్టు అంచు ఆమె నుదుటికి వచ్చింది. చెయ్యి చాపితే వేళ్లు నల్లరాయి కొసను తాకి ఆగిపోయాయి. పొయ్యి వెలిగిస్తే మంట జుట్టుకు అందుతుంది గాని, గిన్నె చేతికి అందదు.

ఏబేలు అప్పుడు చూశాడు. రోజూ చూసే మనిషినే చూశాడు. ఇంట్లో గట్టుమీది పొయ్యి ముక్కాలిపీట మీదికి దిగింది. అరలోని డబ్బాలు ఒక్కొక్కటే నేలకు దిగాయి. ఎప్పుడు దిగాయో గుర్తులేదు. అవన్నీ అతని చేతులే దించాయి. అయినా కొత్తది చెయ్యబోయేసరికి, కొత్తది గదా, అన్నీ మొదట్లాగా ఉండాలి అనుకున్నాయి ఆ చేతులు.

ఆమె మూలనున్న కొలకర్రను అందుకుంది. గాట్లు వేలితో తడిమింది.

"ఎవురయ్యా ఈ పిల్ల? బాగా పొడుగుందే."

"నువ్వే."

"నేనా!" గాటునుంచి గాటుకు వేలు నడిపించింది. "బాగుంది పిల్ల. ఈమెను తోలుకపో కొమరోలుకు. టీ బాగా కాస్తాది. నేను ఇంటికాడ ఉంటా."

ఆ గొంతులో కోపం ఉంటే ఏబేలు తట్టుకునేవాడే. కోపం లేదు. అందుకే అతను కొత్త మంచం అంచున కూలబడ్డాడు.

"నన్ను కొలవకపోయినావా?" అందామె.

"నాకుండేది ఒక్క టేపు. అది దేనికో నీకు తెల్సు."

ఆమెకు తెలుసు. ఆ టేపును అతను ఇంట్లోకి కూడా తేడని, వసారాలో మేకుకే వేలాడేస్తాడని తెలుసు. కర్రను నేలమీద నిలబెట్టి, దాని పక్కన తాను నిలబడింది, ఆమె నిలబడటం ఎలాగో అలాగే.

"టేపెందుకు? మోచెయ్యి యాడికొచ్చిందో చూసి గాటు పెట్టు."

ఏబేలు మోకాళ్లమీద కూర్చుని ఉలి తీశాడు. పాత గాటుకు జానెడుకంటే ఎక్కువే కింద ఉంది ఆ చోటు. కొలతలో కలత పడని చెయ్యి మొదటిసారి ఆగింది.

"పాతది చెక్కేయనా?"

"ఎందుకు చెక్కేది? ఆ పిల్ల నీకేం అపకారం చేసింది? ఉండనీ, తోడుకు."

గాటు పడింది. చెయ్యి అందే చోట ఇంకోటి, కూర్చుంటే కళ్లు వచ్చేచోట ఇంకోటి. పని చకచకా సాగి మంచం దగ్గర నిలిచిపోయింది.

"పండుకున్న మనిషి పక్కన కొలత పెట్టను," అన్నాడు ఏబేలు. "నా వల్లగాదు. అడగొద్దు."

"అట్లనా. అయితే నువ్వు పండుకో."

"నేనా?"

"నువ్వే. ఊరందర్నీ కొలిచినావు. నిన్నెవురన్నా కొలిచినారా?"

ఏబేలు పడుకున్నాడు, అలవాటైన భంగిమలోనే, అంటే తాను కొలిచేవాళ్ల అలవాటైన భంగిమలో. కాళ్లు బారజాపి, చేతులు రొమ్ముమీద పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. కేథరినమ్మ కర్ర పట్టుకుని పక్కన వంగి ఉంది. సరిగ్గా అప్పుడే గోడ దాటి వచ్చిన కరుణాకరం గుమ్మంలోంచి ఈ దృశ్యం చూసి, "అయ్యో, అన్నా!" అని కేకపెట్టాడు. ఏబేలు దిగ్గున లేచి కూర్చున్నాడు. కరుణాకరం రెండోసారి కేకపెట్టాడు, ఈసారి ఇంకా గట్టిగా.

"లేచేదానికి ప్రభువు మాదిరి మూడో దినం దాకా అన్నా ఆగాల్సింది గదన్నా!" అన్నాడు గుండె పట్టుకుని, సంగతి తెలిశాక.

"నీ టికెట్ తెంచుకోని దిగు ముందు," అంది కేథరినమ్మ. నవ్వీ నవ్వీ ఆమెకు దగ్గొచ్చింది. కరుణాకరం దిగిపోయాక, ఆ నవ్వులోనే ఏబేలు పక్కన, ఉన్న కాస్త చోటులో, పక్కకు తిరిగి పడుకుంది. మోకాళ్లు మడిచి, వీపు విల్లులా.

"ఇట్ల పండుకుంటా నేను. బతికే ఉన్నా, నవ్వుతా ఉన్నా. ఇప్పుడు కొలువు."

ఏబేలు కర్ర పెట్టాడు. తలనుంచి మడమకు కాదు. వంగిన వీపునుంచి మడిచిన మోకాళ్ల దాకా. ఇన్నాళ్లూ అతను మనిషిని ఒక్క పొడుగులోనే కొలిచాడు. వెడల్పు తీయడం ఇదే మొదలు.

"నాకు పొడుగు మంచం ఎందుకయ్యా? పొట్టిగా, వెడల్పుగా ఉండాల. అవునూ, ఇంత సన్నగా చేసినావు, మరి నువ్వు యాడ పండుకుంటావు?"

"బండి ముందు సీట్లో."

"కాపురానికి ఇల్లు చేసి, కాపలాకు ముందు సీటా? నువ్వు గూడా కాళ్లు ముడుచుకుంటే ఇద్దరం పడతాం. ఇన్నేండ్లు బారజాపుకోని పండుకున్నావు, చాల్లే."

ఆ వారమంతా ఏబేలు కట్టింది విప్పి, విప్పింది కట్టాడు. గట్టు దిగింది, అర దిగింది. మంచం పొట్టిదై పెద్దదైంది. పొయ్యి పక్కన కింది చెక్క గోడలో, ఆమె వెనక్కి ఆనుకుని కూర్చుంటే కళ్లు వచ్చే ఎత్తున ఒక చిన్న కిటికీ కోసి, పైకి లేచే చెక్క రెక్క బిగించాడు. ఆఖరున ఒక విచిత్రం తెలిసింది. ఆమె లోపల తిరగడానికి కప్పు లేపాల్సిన పనే లేదు. దించిన కప్పు కిందే ఆమె రాణిలా అటూ ఇటూ తిరుగుతోంది. తల కొట్టుకుంటున్నది ఏబేలుకే. దించితే ఆమెకు ఇల్లు, అతనికి పెట్టె.

"లేపుకుందామా?" అన్నాడు నుదురు రుద్దుకుంటూ.

"వంగు. అలవాటైతాది. నాకు కాలా?"

యోసేపు బత్తాయిలు తోలే పికప్ తెచ్చాడు. వెనక్కి తోలి, గదిని తొట్టిలో కూర్చోబెట్టి, చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"బావా, ఇదేంది, అక్కకు ఇల్లు చేస్తానని నత్తగుల్ల చేసినావు?"

"నత్తలాగనే తోలు. గుంత కనపడితే దండం పెట్టి పక్కకు పో," అన్నాడు ఏబేలు.

కంభం దాటారు, గిద్దలూరు దాటారు. ముందు సీట్లో దిండ్ల మధ్య కేథరినమ్మ, ఆమెకూ తలుపుకూ మధ్య ఏబేలు. ప్రతి గుంతకూ యోసేపు ఒక జోకు వేశాడు, ప్రతి జోకుకూ అక్క ఒక మొట్టికాయ బాకీ పెట్టింది.

కొమరోలులో పందిరి దగ్గర బండి ఆగగానే, కిందటిసారి మోసిన ఆ నలుగురు ఆడవాళ్లూ చెంగులు బిగించుకుని వచ్చేశారు. "రా వదినా, దించుతాం రా!"

"ఆగండమ్మా, నా దారి నాకుంది," అంది కేథరినమ్మ. ఏబేలు వాలు పలక ఆనించాడు. ఆమె దానిమీద మెల్లగా, నేల చూసుకుంటూ దిగింది. ఎటూ నేలనే చూసే మనిషికి దిగడం కష్టం కాదు. తర్వాత ఇంకో వాలు పలకమీద వెనక గదిలోకి ఎక్కింది. తలుపు మూసుకుంది. లోపల అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినపడింది. ఏబేలు బయటే నిలబడ్డాడు. లోపలికి వెళ్లి సాయం చెయ్యాలని కాళ్లు లాగుతున్నాయి. వెళ్లలేదు.

టీ వాసన ముందు వచ్చింది. తర్వాత చెక్క రెక్క లేచింది. దానికి ఊతంగా లోపలినుంచి కొలకర్ర వచ్చి నిలబడింది. పాత గాటు రెక్క అంచును పట్టుకుంది. కొత్త గాటుకు టీ వడకట్టిన గుడ్డ వేలాడుతోంది.

ముందు వచ్చింది సంఘపెద్ద సత్యానందం. గంజి పెట్టిన తెల్లచొక్కా, ఆ చొక్కాకంటే నిటారుగా మనిషి.

"కేథరినమ్మా, యాడున్నావు? గొంతు వినపడతాంది, మనిషి కనపడదే?"

"వంగన్నా. కనపడతా."

సత్యానందం వంగాడు. మోకాళ్లమీద చేతులు ఆనించి, గంజి చొక్కా ముడతలు పడేలా వంగాడు. కిటికీలో, నేరుగా ఆయన ముఖానికి ఎదురుగా, కేథరినమ్మ ముఖం ఉంది. పక్కకు తిరగలేదు, కంటి కొసలోంచి చూడలేదు.

"అన్నా, మీసం అంతా నెరిసిందే! ఎప్పుడు?"

"నువ్వు రాని ఏండ్లలోనమ్మా," అన్నాడాయన. వంగినచోటినుంచే ఆమె చేతి టీ కప్పు అందుకున్నాడు. "పాటలకు వస్తావు గదా?"

"టీ అయిపోనీ. ఈసారి ముందు వరసలో నిలబెట్టు. ఎవురికీ అడ్డం రాను."

ఆయన వెనక యోసేపు వంగాడు, ఆ నలుగురు ఆడవాళ్లు వంగారు, వాళ్ల పిల్లలు మాత్రం వంగకుండానే చేతులు చాపారు. ఒక్కొక్కరి ముఖమూ కిటికీ ముందుకు వస్తోంది. ఆమె ఒక్కొక్కరినీ తీరిగ్గా చూస్తోంది. పెరిగినవాళ్లను, తరిగినవాళ్లను, పళ్లు ఊడినవాళ్లను, కొత్తగా ముక్కుపుడక పెట్టుకున్నవాళ్లను. ఎవరో గొల్లున నవ్వుతున్నారు. ఎవరో కళ్లు తుడుచుకుంటున్నారు, పొగ అంటున్నారు. గ్యాసు పొయ్యికి పొగెక్కడిది!

ఏబేలు వరస చివర నిలబడ్డాడు. ముందున్నవాడు, "నువ్వెందుకు మామా వరసలో, ఇల్లు నీదే గదా?" అన్నాడు.

"ఇల్లు నాదే. టీ ఆమెది," అన్నాడు ఏబేలు.

వంతు వచ్చింది. వంగాడు. ఆమె ముఖం నేరుగా ఎదురుగా ఉంది, గోడకు ఆనించి గాటు పెట్టిన రోజున ఉన్నట్టే, దగ్గరగా. నుదుటిమీద చెమట, చెంపమీద టీ పొడి మరక. చూస్తూ ఉండిపోయాడు.

"ఏందయ్యా అట్ల చూస్తావు? పట్టు, చెయ్యి కాలతాంది."

పట్టుకున్నాడు. తాగుదామని నిటారుగా లేవబోయి, లేవకుండా, అక్కడే వంగి ఊదుకుంటూ తాగాడు.

"చక్కెర సరిపోయిందా?"

"ఇంకొంచెం," అన్నాడు, సరిపోయినా.